ఒంటిచెవి వీరుడి చివరి నాలుగు పేజీలు

మా ఫోన్ గ్రూపులో ఉన్నవాళ్ళంతా పాత బొమ్మల కథల పుస్తకాలు పోగేసేవాళ్ళు. చదివేవాళ్ళు అనలేదు, గమనించండి. పోగేసేవాళ్ళు. పొద్దున లేచేసరికి ఎవరో ఒకరు చిరిగిపోయిన అట్ట ఫోటో పెడతారు. కింద వరసగా "అద్భుతం సార్", "బాల్యం గుర్తొచ్చింది సార్", "కన్నీళ్ళు ఆగలేదు సార్" అని పడిపోతుంటాయి. లోపలి పేజీలు కూడా పెట్టండయ్యా సామీ అని అడిగితే ఒక్కడూ పలకడు. పైగా అడిగిన నన్నే ఓపిక లేని మనిషి అంటారు. అవును, లేదు. ఓపిక ఉంటే ఇలాంటి గ్రూపులో ఎందుకు చేరతాను?

అందులో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఏ పుస్తకం పేరెత్తినా "నా దగ్గర ఉంది. త్వరలో" అని రాస్తాడు. ఆ త్వరలో ఇప్పటిదాకా రాలేదు. ఆయన దగ్గర బహుశా ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ లేదని నా అనుమానం.

ధర్మవరంలో నాది జిరాక్సు అంగడి. ఇంటి ముందుగదే అంగడి. గిరాకీ ఉన్నంతసేపూ ఆధార్ కార్డులు, పొలం పాసుపుస్తకాలు, పిల్లల మార్కుల కాగితాలు. లేనప్పుడు పాత వారపత్రికలు స్కాన్ చేసి, నూనె మరకలు తుడిచి, వంకర పేజీలు నిలబెట్టి, గ్రూపులోకి వదులుతాను. నా భార్య దీన్ని శవాలకు స్నానం చేయించడం అంటుంది. ఆమె నోరు అలాంటిది. నాది కూడా అంతే కాబట్టి మా కాపురం ఏ గొడవా లేకుండా సాగిపోతోంది.

ఈ చాకిరీ అంతా నేను చేసింది ఒకే ఒక్క కథ కోసం. పేరు 'ఒంటిచెవి వీరుడు'. మా చిన్నప్పుడు పిల్లల వారపత్రిక ఒకదానిలో వారానికి నాలుగు పేజీల చొప్పున వచ్చేది. వీరుడికి కండలున్నాయి, తెల్లగుర్రం ఉంది, మోకాళ్ళదాకా బూట్లున్నాయి, ఎడమ చెవి మాత్రం లేదు. ఆ చెవి కోసినవాణ్ణి కనిపెట్టి వాడి అంతు చూడటమే అతగాడి జీవితాశయం. వారానికొకణ్ణి అనుమానిస్తాడు, చితకబాదుతాడు, వాడు కాదని తేలాక ఆఖరి బొమ్మలో కత్తి పైకెత్తి "నా చెవి కోసినవాణ్ణి ఈ భూమ్మీద బతకనివ్వను!" అని అరుస్తాడు. ఇంటి దగ్గర వాళ్ళమ్మ గుడిసె ముందు కూర్చుని ఏడుస్తుంటుంది. ఆమెను ఎవరూ పట్టించుకోరు. ఇంతే కథ. బుర్ర ఉన్నవాడు మూడోవారానికి మానేసేవాడు. మేము రెండేళ్ళు వదలకుండా చదివాం.

మేము అంటే అక్కా, నేనూ. చదివేది అక్క. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ నా పసితనంలోనే పోయింది కాబట్టి వంటా, నా వీపు మీద వడ్డనా అన్నీ ఆమే. నాది కథలో విలన్ అయిన ముసుగు దొర వేషం. అంటే ముసుగు దొర నవ్వినప్పుడల్లా "హహహ్హా" అని నవ్వడం. అక్క ఎంత అడిగినా ఇంకో పాత్ర ఇవ్వలేదు.

ఇప్పుడు జిరాక్సు అంగడి అయిన ఆ ముందుగదిలోనే అప్పుడు నాయన మగ్గం ఉండేది. గుంత మగ్గం. నేలలో గుంత, గుంతలో నాయన కాళ్ళు, పైన పట్టు. మా ఇళ్ళల్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. అచ్చు కాగితం పట్టు దగ్గరికి రాకూడదు. అచ్చుమసి ఒకసారి అంటుకుంటే పోదు, పోయేదాకా ఉతికితే పట్టే పోతుంది. చీర మడతల్లో జరీకి జరీ రాసుకోకుండా పెట్టేది కూడా తెల్ల కాగితమే. అందుకని వారపత్రిక మగ్గం గది గడప దాటి లోపలికి రాకూడదని నాయన హుకుం. అక్క పనులన్నీ ముగించుకుని ఆ గడప మీద కూర్చుని, పత్రికను గడప ఇవతల పట్టుకుని గట్టిగా చదివేది. అయిపోగానే ఇద్దరం చేతులు సబ్బుతో కడుక్కుని లోపలికి చాపి చూపించాలి.

"పనికిమాలిన కథలు. ఆ నా కొడుక్కు పనీపాటా ల్యాదా? ఒక చెవి ఉండాది గదా, చాలదా?" అని నాయన లోపల్నుంచి తిట్టేవాడు. అక్క ఆగేది కాదు. కత్తియుద్ధం వచ్చినప్పుడు మగ్గం చప్పుడు ఆగిపోయేది. దారం తెగిందనుకునేవాళ్ళం. ప్రతి యుద్ధానికీ దారం తెగేది.

చివరికి ఒక సంచికలో 'వచ్చే వారం ముగింపు. చెవి కోసింది ఎవరు?' అని పెద్దక్షరాలతో వేశారు. ఆ వచ్చే వారంలోనే అక్క పెళ్ళి వచ్చింది. పొద్దున పత్రిక వచ్చి కిటికీలో ఉండటం నా కళ్ళతో చూశాను. మధ్యాహ్నానికి లేదు. ఇల్లంతా వెతికాను. పెళ్ళిపందిట్లో కుర్చీల కింద పాకాను. వంటవాళ్ళ కాళ్ళకు అడ్డంపడి తన్నులు తిన్నాను. లేదంటే లేదు. సాయంత్రం మా బావ పెదనాయన ప్రయాణానికి లడ్లు కట్టించుకుంటుంటే ఆ పొట్లం అచ్చు కాగితంలా కనిపించింది. అంతే, ఇది ఈయన పనే అని తీర్పు చెప్పేశాను. ఆ తర్వాత కొన్నాళ్ళకు పత్రికే మూతపడింది. ఆ పెద్దాయన పోయినప్పుడు నేనూ వెళ్ళి దండ వేసి వచ్చాను. వేస్తూ వేస్తూ మనసులో, పోయేముందు చెవి సంగతైనా చెప్పి చావలేదు గదా అనుకున్నాను.

పెరిగి పెద్దయ్యాక మరిచిపోవలసిన విషయమే. గ్రూపు పుణ్యమా అని మళ్ళీ అంటుకుంది. అక్కడా ఇక్కడా అడిగి, స్కాన్‌కు స్కాన్ ఇచ్చి పుచ్చుకుని, ఆ కథ వచ్చిన సంచికలన్నీ కూడగట్టాను. ఆఖరిది తప్ప. దానికి మాత్రం అందరి దగ్గరా ఒకటే జవాబు, "మాకూ కావాలి సార్." ఆ పెద్దమనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఉంది. త్వరలో."

పామిడిలో ఒకప్పుడు అద్దెకు పుస్తకాలిచ్చిన ముసలాయన దగ్గర ఆ పత్రికల కట్టలున్నాయని తెలిసి ఒక ఆదివారం బస్సెక్కాను. పెన్నలో నీళ్ళేమైనా కనిపిస్తాయేమోనని కిటికీ పక్కన కూర్చున్నాను. ఇసుకే ఉంది. "ఉండాయప్పా, అన్నీ ఉండాయి, ఒక్కటి కూడా పోల్యా" అని ఆయన ఉత్సాహంగా అటక మీది శనక్కాయల మూటలు పక్కకు లాగాడు. కట్టలు ఉన్నమాట నిజమే. చెదలు పేజీ మధ్యలన్నీ తినేసి చుట్టూ అంచులు మాత్రం ఫోటో ఫ్రేముల్లా వదిలిపెట్టాయి. "ఇవి తీసుకోని పో, ఏమీ ఇయ్యొద్దులే" అన్నాడు ఆయన పెద్ద మనసుతో. బెళుగుప్పలో ఇంకొకరి దగ్గర ఉందంటే అక్కడికీ పోయాను. ఆయన పెట్టెలోంచి తీసింది ఆధ్యాత్మిక మాసపత్రిక. అంత ఎండలో పోయాను కదా అని అది కూడా స్కాన్ చేసి పంపిస్తే గ్రూపులో "జై సార్" అన్నారు.

ఇలా ఉండగా అక్క కూతురి పెళ్ళి కుదిరింది. అక్కావాళ్ళది లేపాక్షి. గుడికి వచ్చే యాత్రికులకు చీరలమ్మే అంగడి ఉంది వాళ్ళకు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు. బెంగళూరులో ఉద్యోగం. ఈ కాలం పిల్లలకు కొత్తవన్నీ చేదయ్యాయి, పాతవే కావాలి. ఆ పిల్ల వాళ్ళమ్మ పెళ్ళి ఫోటో చూసి, ముహూర్తానికి ఆ చీరే కట్టుకుంటానని పట్టుబట్టింది.

అక్క వద్దంది. మొదట ఆ చీర అచ్చిరాదంది. కట్టుకున్న నీకు అచ్చొచ్చింది గదా అని పిల్ల అడిగేసరికి, పురుగు తినేసింది అంది. చూపించమంటే బీరువా తాళం పోయిందంది. తల్లీకూతుళ్ళకు మాటలు నిలిచిపోయాయి. అప్పుడా పిల్ల తెలివిగా తాతకు వీడియో కాల్ చేసి, "తాతా, నువ్వు నేసిన చీర కట్టుకుంటా అంటే అమ్మ ఇయ్యట్లేదు" అని చెప్పేసింది.

మా ఇంట్లోనే ఉండే నాయన మంచం మీదనుంచి లేచి కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి. ఎడమ చెవి పనిచేయడం మానేసి చాలా కాలమైంది. అయినా ఆ మాట ఎలా వినపడిందో వినపడింది. జన్మంతా షావుకార్ల పట్టు తెచ్చి ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకు చీరలు నేసినవాడు ఆయన. నేసినవన్నీ గడప దాటి పోవడమే తప్ప ఇంట్లో నిలిచింది లేదు. సొంతానికని నేసింది ఆ ఒక్క చీరే. గంధం రంగు ఒళ్ళు, మిరపపండు రంగు అంచు, కొంగు నిండా జరీ. "తీసుకోని రమ్మను. నేనే ఇప్పి, జరీ ఎట్లుండాదో చూసి, మళ్ళా మడత పెట్టిస్తా" అన్నాడు. ఆ రోజునుంచీ అంగడికి వచ్చిన ప్రతివాడికీ అదే కథ. ఆధార్ జిరాక్సు కోసం వచ్చినవాళ్ళు జరీ గురించి వినకుండా బయటపడే వీల్లేకుండా పోయింది. నాకు మాత్రం ఏ చీరైతే ఏమిటి అన్నట్టు ఉండింది.

ఒక మధ్యాహ్నం అక్క చెప్పాపెట్టకుండా బస్సు దిగి అంగడికి వచ్చింది. చంకలో గుడ్డసంచి. మొహం పీక్కుపోయి ఉంది.

"నాయన యాడ?" అంది.

"లోపల పండుకోనుండాడు. రా, కూర్చో. నీళ్ళు తాగు."

"ముందు ఆ షట్టర్ దించు."

సగం దించాను. సంచి గుండెలకు అదుముకుని నిలబడే అడిగింది. "రేయ్, పాత కాగితాలు ఇరిగిపోకుండా తీసేది నీకొస్తాది గదా?"

"ఈ జిల్లాలో నాకంటే బాగా ఎవరికీ రాదు. యాలా?"

"ఆ ఒంటిచెవోడు దీంట్లో ఉండాడు."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, యాభై దాటిన మనిషిని అంగడి మధ్యలో గంతులేశాను. "హహహ్హా" అని ముసుగు దొర నవ్వు కూడా నవ్వాను. అప్పుడు చూస్తే అక్క ఏడుస్తోంది.

"నీకు సిగ్గుందా రా? నాయనకు ఏం మొగం చూపిచ్చాల్నో తెలీక నేను సచ్చిపోతాంటే నువ్వు కులుకుతాండావా?"

అప్పుడు చెప్పింది మొత్తం. పెళ్ళినాడు ఆ పత్రిక వచ్చేసరికి ఆమెకు నలుగు పెడుతున్నారు. ఒంటినిండా పసుపు, చుట్టూ ముత్తైదువులు. లేస్తూనే దాన్ని కిటికీలోంచి తీసి తన పెట్టెలో దాచుకుంది గానీ చదివే తీరిక లేదు. ఆ తర్వాత తాళి, తలంబ్రాలు, అప్పగింతలు. అత్తగారింటికి బయల్దేరేముందు ముహూర్తం చీర మార్చుకుని తనే మడత పెడుతూ, ఆ నాలుగు పేజీలూ చించి మడతల మధ్య దాచేసింది.

"కొత్త పెళ్ళికూతురు బొమ్మల పుస్తకం చంకన పెట్టుకోని పోతే నలుగురూ ఏమంటారు? పోయినంక తీసి చదువుకుందాంలే అనుకుంటి. పోవడంతోనే మా అత్త నా చీరలన్నీ ఆమె బీరువాలో పెట్టి తాళం ఏసుకొనె."

"మరి మిగిలిన పుస్తకం?"

"పొయ్యిలో ఏసినా."

"అట్టా?"

"అట్ట గూడా."

నేను కాగితాల కట్టల మీద కూలబడ్డాను. ఆ అట్ట కోసం ఆస్తులు రాసిచ్చే వెధవలు మా గ్రూపులో ఉన్నారు. పైగా ఇన్నేళ్ళూ పాపం ఆ లడ్ల పెదనాయనను నానా మాటలూ అనుకున్నాను.

"తాళాలు నా చేతికి వచ్చినంక ఒగసారి కొస ఎత్తి చూసినా" అంది అక్క. "నల్లగా కనపడె. మళ్ళా మూసేసినా. అంతే, దాన్ని ముట్టల్యా. నేసేటోని కూతురై ఉండి పట్టులో అచ్చు కాగితం పెట్టిందని తెలిస్తే నాయన ఏమైపోతాడు రా? చేతులు కడిగి సూపిచ్చినాకనే గడప దాటనిచ్చేటోడు. ఆయన సొంతానికి నేసుకునిండేది ఈ ఒక్క చీరనే. ఆయన పోయినంక విప్పుదాములే అనుకొని, ఛీ, అట్లనుకుంటినే అని ఎన్నిసార్లు ఏడ్సినానో దేవునికే తెలుసు."

నవ్వుదామనుకున్నాను. నవ్వు రాలేదు. నా అక్క అరవయ్యో పడిలో ఉంది. అంగడి నడుపుతుంది, బేరాల్లో ఎవరికీ లొంగదు, మా బావ ఆమె ముందు నోరెత్తడు. అలాంటి మనిషి ఒక మడత చీరను చూసి ఇన్నేళ్ళు భయపడింది. నాకు ఆమె మీద జాలీ, ప్రేమా రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. అవి పైకి కనపడితే మళ్ళీ తిడుతుందని, "రా, విప్పుదాం" అన్నాను.

మగ్గం తీసేశాక ఆ గుంత మీద బండ పరిచాను. స్కానరు ఆ బండ మీదే ఉంటుంది. దాన్ని పక్కకు జరిపి, బండ తుడిచి, దుప్పటి పరిచి చీర పెట్టాం. పై మడతలు తీస్తుంటే పట్టు నిగనిగలాడింది. రెండు మడతల తర్వాత కాగితం కనిపించింది. వేలిముద్ర పడకుండా రెండు సన్నటి అట్టముక్కలు కిందికి తోసి ఎత్తాను. ఈ జిల్లాలో నాకంటే బాగా ఎవరికీ రాని పని. ఎత్తీ ఎత్తగానే కాల్చిన అప్పడంలా పొడి పొడి అయిపోయి కింద రాలింది.

"అయ్యో నా కథ!" అన్నాను నేను.

"అయ్యో నా చీర!" అంది అక్క.

చీర మీదికి వంగి చూశాను. గంధం రంగు పట్టు మీద, కుడి ఎడమలు తారుమారై, ఒంటిచెవి వీరుడు గుర్రమెక్కి ఉన్నాడు. పక్కన ముసుగు దొర. పైన అక్షరాలు కూడా ఉన్నాయి, అన్నీ తిరగబడి. కాగితం పోయింది గానీ, మసి మాత్రం ఇన్నేళ్ళ బరువుకు నెమ్మదిగా దిగి పట్టులో కూర్చుంది. నాలుగు పేజీలూ నాలుగు చోట్ల. అక్కడక్కడా మసక, అంతే. నేను చప్పున ఫోన్ తీసి ఫోటోలు కొట్టడం మొదలుపెట్టాను. ఫోటోను అద్దంలోలా తిప్పే మీట ఒకటుంటుంది కదా, అది నొక్కగానే అక్షరాలన్నీ తిన్నగా నిలబడ్డాయి. అక్క నా చేతి మీద చెళ్ళున కొట్టింది.

"చీర నాశనమైపోయిందని నేను ఏడుస్తాంటే నీకు ఫోటోలా రా!"

"ఏమే, యాల అరుస్తాండారు?" అని వెనకనుంచి వినపడింది.

లోపలి తలుపు దగ్గర నాయన. చేతికర్ర, భుజాన తువ్వాలు. చీర మూసేద్దామని అక్క చేయి చాపి మళ్ళీ వెనక్కి తీసుకుంది. నాయన మెల్లగా వచ్చాడు. బండ పక్కన ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. కంటి ఆపరేషన్ అయ్యాక చూపు బాగానే ఉంది ఆయనకు, నాకంటే నయం. చీర వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఈడు ఆ ఒంటిచెవోడే గదా?" అన్నాడు నాయన.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"మిమ్మల్నే అడుగుతాండా. చెవి ఎవడు కోసినాడంట?"

"నాయనా, చీర..." అంది అక్క.

"చీర యాడికీ పోదులే. ముందు అది సదువు."

ఫోన్ అక్క చేతికిచ్చాను. కళ్ళజోడు సరిచేసుకుని, ముక్కు ఎగబీల్చి, చదవడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా చదివింది. నాయన కుడి చెవి ఇటు తిప్పి, "గట్టిగా" అన్నాడు. అంతలో షట్టర్ కింద నుంచి ఒకాయన తల దూర్చి, "అన్నా, ఆధార్..." అన్నాడు. "ఉండప్పా, చెవి సంగతి తేలనీ" అన్నాడు నాయన అటు చూడకుండానే. పాపం ఆయన లోపలికి వచ్చి గోడవారన గొంతుక్కూర్చున్నాడు.

"ఓరీ ముసుగు దొరా! నీ పాపం పండినది! నా చెవి కోసినది నీవే కదూ?" అని చదివింది అక్క. ఇప్పుడు ఆమె గొంతు పాత గొంతే.

నేను "హహహ్హా" అని నవ్వాను. ఆధార్ మనిషి అదిరిపడ్డాడు.

"కాదు వీరుడా! నీ చెవితో నాకేమి పని?"

తర్వాతి బొమ్మలో ముసలి తల్లి పరిగెత్తుకొస్తోంది. అక్క ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకుని, మసకగా ఉన్నచోట కూడబలుక్కుని చదివింది. "నాయనా, కత్తి దించు. నీ చెవిని ఎవరూ కోయలేదు. పుట్టినప్పుడే నీకు అది లేదు. ఊరి పిల్లలు వెక్కిరిస్తున్నారని నీవు ఏడ్చితివి. ఎవరో శత్రువు కోసినాడని నేనే అబద్ధమాడితిని. నిజము చెప్పుదామనుకొనులోపల నీవు గుర్రమెక్కి వెళ్ళిపోయితివి."

ఆధార్ మనిషి గోడ వదిలి ముందుకు జరిగాడు.

"అంటే ఎవడూ కోయల్యా?" అన్నాడు నాయన.

"కోయల్యా నాయనా."

"మరి ఆ కోట కాపలావోణ్ణి ఉత్తపుణ్యానికి బాయిలో ఏసెనే! ఆ కుంటి సేనాపతి గడ్డానికి నిప్పు పెట్టెనే! ఆ పడవోడు ఏం చేసినాడు, పాపం, వాని పడవ ముంచె! దొంగ నా కొడుకు!" అని నాయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నేను వీపు నిమిరాను. ఆ సంచికలన్నీ స్కాన్ చేసి, మరకలు తుడిచి, నెలల తరబడి వాటి మీదే కూర్చున్నవాణ్ణి నేను. ఆ పడవవాడు నాకు గుర్తే లేడు.

దగ్గు తగ్గాక నాయన చీరను ఒళ్ళోకి లాక్కుని మసి పట్టినచోట బొటనవేలితో రుద్దాడు.

"పోతాదా నాయనా?" అంది అక్క.

"పోదు." అక్క మొహం చూసి మళ్ళీ అన్నాడు. "యాలమ్మే ఏడుస్తావు? ఇది కుచ్చిళ్ళలోకి పోయే జాగా. కట్టుకుంటే ఎవనికి కనపడేది? కొంగు సూడు, జరీ ఎట్లుండాదో. పిల్లను కట్టుకోనీ." నా వైపు తిరిగి, "రేయ్, తెల్ల కాగితాలు ఇయ్యి" అన్నాడు.

జిరాక్సు మిషన్లోంచి కొత్త కాగితాలు తీసి ఇచ్చాను. ఆయన ఒక్కో మడతకు ఒక్కో కాగితం పెడుతూ, అంచుకు అంచు కలుపుతూ, అక్క వైపు చూడకుండా మాట్లాడాడు.

"ఆ వారం చదవకుండానే పోతివి గదమ్మా. ఈడేమన్నా చదువుతాడేమోనని చూస్తి. ఈనికి నవ్వేది తప్ప ఏమొస్తాది? ఆమీట గడపలో కూర్చోని చదివేటోళ్ళే లేకపోయిరి. వట్టి మగ్గం సప్పుడే."

"అడగొచ్చు గదా నాయనా" అంది అక్క. "కథ ఏమాయె అని ఒగసారన్నా అడగొచ్చు గదా."

"ఏమని అడిగేది? కూతుర్ని సూడనీకి అత్తగారింటికి పోయి, చెవి ఎవడు కోసినాడని అడిగేదా?"

అక్క ఏడుస్తూ నవ్వింది. నేను జిరాక్సు మిషన్ వైపు తిరిగి దాని మూత తుడిచాను. ఆధార్ మనిషి లేచి, "పెద్దాయనా, ఆ పడవోని కథ ఏంది?" అని అడిగాడు. జిరాక్సు సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

"ఈని దగ్గర మొత్తం ఉండాదంట గదా ఆ ఫోన్లో" అన్నాడు నాయన. "పెండ్లి అయ్యేదాకా నువ్వు ఈడనే ఉండు. మొదుట్నించీ చదువు."

అక్క మా బావకు ఫోన్ చేసి, అంగడి చూసుకో, నేను ఇప్పుడప్పుడే రాను అని చెప్పింది. ఎందుకని ఆయన అడిగితే, చీర పని ఉండాదంది. ఆ సాయంత్రం నేను గ్రూపులో 'ఒంటిచెవి వీరుడి ముగింపు దొరికింది' అని ఒక ముక్క రాశాను. ఫోన్ వేడెక్కిపోయింది. "సార్ సార్ సార్" అని అందరూ. ఆ పెద్దమనిషి కూడా వచ్చి, నా దగ్గరున్నది మీ దానితో పోల్చి చూసుకోవాలి, దయచేసి పెట్టండి అన్నాడు. ఆయనకు జవాబుగా "త్వరలో" అని రాసి, ఫోన్ అక్క చేతికిచ్చాను.

నాయన బండ మీద దుప్పటి పరిపించుకుని కూర్చున్నాడు. అక్క ఫోన్ పట్టుకుని వెళ్ళి గడప మీద కూర్చుంది, ఫోన్ పట్టిన చేయి గడప అవతలికి పెట్టి.

"ఫోన్‌కు మసి ఉండదక్కా, లోపలికి రా" అన్నాను.

"నాకు తెల్దా? నీ నవ్వు నువ్వు నవ్వు" అని మొదటి పేజీ తెరిచింది.